సంఘపు ఛాయాచిత్రములకు ఉమ్మడి భాండారము

సహకార సంఘమునకు ఆస్తి యేది యని యడిగినచో కార్యదర్శిగారు గోదామును, త్రాసులను, వాటాధనమును, అప్పుల పద్దులను చూపుదురు. ఇవి యన్నియు లెక్కకు వచ్చిన యాస్తులు. ఏటేట తనిఖీదారు వచ్చి వీనిని సరిచూచి పోవుచుండును. కాని యీ పది పదునైదు సంవత్సరములనుండి సంఘములయందు ఏ పద్దులోను చేరని యొక యాస్తి పెరుగుచున్నది. అది సభ్యుల సెల్‌ఫోనులలో చెల్లాచెదరుగా పడియున్న ఛాయాచిత్రముల రాశి.

విత్తనపు మళ్ళను చూడబోయిన సంచాలకులు కొన్ని ఫొటోలు తీయుదురు. కొనుగోలు కేంద్రమున తూకము జరుగుచుండగా గుమాస్తా కొన్ని తీయును. మహాసభనాడు యువకు లెవరో కొన్ని తీయుదురు. తెగులు సోకిన యాకును తీసినవా డొకడు, వడగండ్లకు రాలిన గింజను తీసినవాడు మఱియొకడు, తెగిన చెఱువు కట్టను తీసినవాడు వేఱొకడు. పని సంఘముది, ఫొటో మాత్రము తీసినవాని జేబులో నుండును. ఆ ఫోను బావిలో పడినను, దొంగిలింపబడినను, క్రొత్తది కొన్నపుడు పాతదానిని దుకాణదారున కిచ్చివేసినను, సంఘముయొక్క యొక సంవత్సరపు సాక్ష్యము దానితో పోవును.

ధాన్యమును ఎవరి గాదెలో వా రుంచుకొనక యొక గోదామున చేర్చుటవలని లాభమును మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఛాయాచిత్రముల విషయమునను అదియే న్యాయము. వానిని ఒకచోట చేర్చి, సంఘము పేరున నుంచి, సభ్యులందఱికి అందునట్లు చేయుటకు నేడు సాధనములు కలవు, వ్యయమును స్వల్పమే. ఐనను, పటము ఎచ్చటిది, ఎప్పటిది, ఎవరు తీసినది యని వ్రాయని యెడలను, తాళపుచెవి ఒక్కని చేతనే యుండిన యెడలను, ఆ భాండారము పేరునకు మాత్రమే ఉమ్మడి దగును. ఈ సంగతినే యిందు వివరింపనెంచితిమి.

ఫొటో రైతున కేమి యుపకరించును?

మొదటిది తెగుళ్ళ సంగతి. 2018 మే నెలలో కర్ణాటకమున మక్కజొన్నపై కత్తెర పురుగు మన దేశమున మొదటిసారిగా గుర్తింపబడెను. ఆ యేడే యది తెలంగాణమునకును ప్రాకెను. మొవ్వలో దూరి తినునట్టి యీ పురుగును మొదట చూచినవారు ఎప్పటి కాండము తొలుచు పురుగే యనుకొనుట సహజము. దాని తలపై తలక్రిందులైన ఆంగ్లపు 'వై' అక్షరమువంటి తెల్లని గీతయు, తోకకడ చదరముగ నమరిన నాలుగు నల్లని చుక్కలును గలవు. ఈ గుర్తులను మాటలలో చెప్పిన తెలియుట కష్టము. ఒక్క మంచి ఫొటో చూపిన చాలును. అట్లే పత్తిలో గులాబి రంగు పురుగు కాయలోపల దాగియుండి పైకి కనబడదు. రేకులు విచ్చక ముడుచుకొనిన గుడ్డిపూవే దాని జాడ. ఆదిలాబాదు నల్లరేగళ్ళలో పత్తి వేయు రైతు గుడ్డిపూవును మొదట చూచిన దినముననే ఫొటో తీసి తేదీతో దాచవలయును. అట్టివి నాలుగైదేండ్లవి యొకచోట చేరినపుడు, ఆ యూర పురుగు సాధారణముగ ఏ వారమున కనబడుచున్నదో తెలియవచ్చును. జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రమువారినో, జగిత్యాల కడనున్న పొలాస పరిశోధన స్థానమువారినో సలహా యడుగునపుడు "ఆకు ఎఱ్ఱబడినది" అని చెప్పుటకంటె, మొదటి దినపు ఫొటోను, వారము తరువాతి ఫొటోను ప్రక్కప్రక్కన నుంచి చూపుట మేలు గదా.

రెండవది పంటనష్టము. 2023 మార్చిలో కురిసిన వడగండ్ల వానకు కరీంనగరము మొదలుగా పలు జిల్లాలలో పంటలు నేలపాలయ్యెను. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయల చొప్పున సహాయమును ప్రకటించెను. ఇట్టి సమయములయందు నష్టమును నిర్ణయించువారు పొలమునకు వచ్చి చూచు అధికారులే కాని ఫొటో కాదు. ఐనను అధికారి వచ్చులోపల నీరు తీయును, పశువులు మేయును, రైతు మడిని మరల దున్నవలసియు వచ్చును. వాన వెలిసిన మఱునాటి యుదయమున తీసిన ఫొటో ఆ నడిమి దినములకు సాక్షి. వ్యవహారము కోర్టువఱకు పోయినచో, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ దస్తావేజునకు ధ్రువపత్రమును జతపఱుపవలయును. ఫొటోను ఎవరు తీసిరో, ఏ ఫోనుతో తీసిరో, తరువాత దానిని ఎట్లు భద్రపఱచిరో చెప్పలేని సంఘమునకు అట్టి పత్రము సిద్ధపఱచుట దుర్ఘటము.

మూడవది జ్ఞాపకము. మిడ్ మానేరు జలాశయము క్రింద చింతలఠాణా, కొదురుపాక, వరదవెల్లి మున్నగు గ్రామములు ముంపునకు గుఱియయ్యెను. పొలమునకు బదులు సొమ్ము వచ్చును, ఇంటికి బదులు ఇల్లు వచ్చును; పాత యూరి బొడ్రాయి వీధికి బదులు మఱియొకటి రాదు. ఆ వీధిలో నిలిచి తీసిన పటము ఏ యింట నున్నదో ఆ యింటి పిల్లలకు అదియే ఊరు. అట్టి పటములు నూఱు ఇండ్లలో నూఱు పెట్టెల నుండుటకును, ఒక భాండారమున చేరి అందఱికి కనబడుటకును గల భేదమును చదువరులే యూహించుకొనగలరు.

మార్లవాయి నేర్పు పాఠము

ఆదిలాబాదు సీమకు సంబంధించిన యొక గొప్ప ఛాయాచిత్ర సముదాయముయొక్క చరిత్ర యిచ్చట తెలిసికొనదగినది. 1940లో జోడేఘాట్ కడ కుమ్రం భీము నైజాము బలగముల చేతిలో మరణించెను. ఆ పిదప గోండుల యసంతృప్తికి కారణముల నరయుటకై వియన్నా నగరమున పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు ఈ సీమకు వచ్చెను. ఆయన తన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడ మార్లవాయి గ్రామమున గోండుల నడుమ కాపురముండి, వారి సేద్యమును, సంతలను, పండుగలను, పూజలను చూచి వ్రాసికొనెను, ఫొటోలును తీసెను. 1943లో ఆ మార్లవాయియందే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము నెలకొల్పబడెను. 1948లో ఆదిలాబాదు రాజగోండులనుగూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. 1970 దరిదాపు సంవత్సరములలో ఆయన మరల ఈ ప్రాంతమునకు వచ్చి, గోండుల భూములు అన్యుల చేతులలోనికి పోయిన తీరును చూచి వ్రాసెను. 1987లో బెట్టీ మరణించగా ఆమె దేహమును మార్లవాయియందే ఖననము చేసిరి. ఆయన 1995లో మరణించెను.

హైమన్‌డార్ఫు తీసిన పటములును, వ్రాసికొన్న దినచర్య పుస్తకములును లండనులోని ప్రాచ్య ఆఫ్రికా విద్యాలయపు గ్రంథాలయమున చేరెను. చాలకాలము వానిని చూడగోరువారు అచ్చటికే పోవలసి యుండెను. ఆ విద్యాలయమువారు పటములను కంప్యూటరు ప్రతులుగా మార్చి యింటర్నెట్టునం దుంచిన పిమ్మట, నేడు జైనూరు మండలములోని యువకుడును తన ఫోనునందు వానిని వెదకి చూడవచ్చును. తన ముత్తాతనాటి సంతను, నాగలిని, గుస్సాడీ వేషమును తన యరచేత చూచుకొనవచ్చును.

ఇందుండి మన సంఘములు గ్రహింపవలసిన విషయములు మూడు గలవు. ఒకటి, ఆ పటములు ఎనుబది యేండ్లు నిలుచుటకు కారణము అవి యొక మనుష్యుని పెట్టెలో మిగిలిపోక సంస్థ యధీనమునకు వచ్చుట. రెండవది, పటములతోగూడ దినచర్యయు నుండుటచే అవి మాటాడగలుగుచున్నవి. వ్రాత లేని పటము మూగది. మూడవది, పటములోని జనులే వానిని అందఱికంటె కడపట చూచిరి. మన భాండారమున ఈ మూడవ లోపము రాకూడదు. ఎవరి పొలము, ఎవరి ముఖము పటములో నున్నదో వారే మొదట చూచువారు కావలయును.

క్లౌడు భాండార మననేమి?

నగరవాసులు దీనిని క్లౌడు అందురు, క్లౌడనగా మేఘము. పేరు విని యిది ఆకాశమున నున్న వింత యనుకొనరాదు. ఇది యొక పెద్ద భవనము. అందు వేలకొలది కంప్యూటర్లు రేయింబవళ్ళు విద్యుత్తుతో నడచుచుండును. మన ఫోనునుండి పంపిన పటము తీగలద్వారా పోయి ఆ కంప్యూటర్లలోని డిస్కులందు వ్రాయబడును. అడిగినపుడు దాని ప్రతి మనకు వచ్చును. మూలము అచ్చటనే యుండును. అమెజాను కంపెనీవారు 2022 నవంబరులో హైదరాబాదు సీమయందే యిట్టి భాండారమును తెఱచిరి. కేంద్ర ప్రభుత్వము తన కార్యాలయముల కొఱకు మేఘరాజ్ అను పేర నిట్టి యేర్పాటునే చేసికొన్నది. 2022 జూనులో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. అదియు క్లౌడు పద్ధతిపై నడచునదే. కావున ఫొటోలకు ఈ మార్గము త్రొక్కుట సహకార సంఘములకు క్రొత్త సాహస మేమియు కాదు.

ఇచ్చట నొక సందేహము రావచ్చును. "మా సంఘమునకు వాట్సాప్ గుంపు కలదు, ఫొటోలన్నియు అందు వేయుచునే యున్నాము, ఇది యెందుకు?" అని కొంద ఱడుగుదురు. వాట్సాప్ వార్తను చేరవేయు తపాలా బంట్రోతువంటిది, గోదామువంటిది కాదు. సాధారణముగ పంపిన ఫొటోను అది కుదించి చిన్నది చేయును. ఆకుపై మచ్చ యంచులు, పురుగు తలపై గీతలు కుదింపులో చెదరిపోవును. ఫోను ఫొటోతోపాటు దాచియుంచిన తేదీ, స్థలము మొదలగు గుర్తులును ఆ ప్రయాణమున రాలిపోవును. శుభోదయముల నడుమ, పెండ్లి పిలుపుల నడుమ, గత యాసంగిలో వేసిన ఫొటోను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే. గుంపునందు వార్త తెలుపుడు; ఫొటోను మాత్రము భాండారమున నుంచుడు.

ఏర్పాటు చేయు క్రమము

మొదట ఖాతా సంఘము పేరున తెఱువవలయును. కార్యదర్శిగారి సొంత ఖాతాలోగాని, కంప్యూటరు తెలిసిన కుఱ్ఱవాని ఖాతాలోగాని తెఱువరాదు. మనుష్యులు మాఱుదురు, సంఘము నిలుచును. ఖాతాకు జతచేయు ఫోను నంబరును సంఘము కార్యాలయముదే కావలయును. పాస్‌వర్డు అనబడు రహస్యపదము అధ్యక్షునికిని, కార్యదర్శికిని తెలిసియుండి, కాగితముపై వ్రాసి సీలువేసి యినుప పెట్టెలో నుండవలయును. పాలకవర్గము మాఱినపుడు, తాళపుచెవులు అప్పగించినట్లే యీ పదమును మార్చి అప్పగింపవలయును. ఇది యంతయు తీర్మానముగ మినిట్సు పుస్తకమున వ్రాయుట మంచిది.

స్థలముయొక్క లెక్క యిది. గూగుల్ వారి సామాన్య ఖాతాకు 15 గిగాబైట్ల స్థలము ఉచితము. అది ఉత్తరములకును, దస్తావేజులకును, ఫొటోలకును కలిపి. ఒక్కొక్క ఫొటో 4 మెగాబైట్లనుకొన్నచో సుమారు 3,800 పటములు పట్టును. వీడియోలు చేర్చినచో వేగముగ నిండును. పూర్వము ఆ కంపెనీవారు కొంత కుదించిన ఫొటోలను మితిలేక ఉచితముగ నుంచుకొనిరి. 2021 జూన్ 1 తో ఆ సదుపాయము నిలిచిపోయెను. ఉచితముగ వచ్చినది ఎల్లకాలము అట్లే యుండునని నమ్మరాదను సంగతి దీనివలన తెలియుచున్నది. పైగా రెండు సంవత్సరములు ఎవ్వరును తెఱువని ఖాతాను ఆ కంపెనీవారు తొలగింపవచ్చునని వారి నియమమే చెప్పుచున్నది. స్థలము చాలనపుడు కొనుటకు సంఘము ఖర్చులో నొక చిన్న పద్దు వేసికొనవలయును.

పిదప ఫోల్డరుల సంగతి. సంవత్సరమున కొకటి; అందు వానకాలమునకు ఒకటి, యాసంగికి ఒకటి; అందు ఊరి కొకటి. మహాసభలు, కట్టడములు, శిక్షణలు అనువానికి వేఱుగ నొక్కొక్కటి. ఇంతకంటె చిక్కు విభాగములు చేసినచో ఏది యెందు వేయవలయునో తెలియక యందఱును మానివేయుదురు.

ఎవరి కెంత యధికార మనునది ముఖ్యము. క్లౌడు భాండారములయందు చూచుటకు మాత్రమే యొక యనుమతి, చేర్చుటకును మార్చుటకును మఱియొక యనుమతి కలవు. సభ్యు లందఱికిని చూచు హక్కు నీయవచ్చును. ఊరి కిద్దఱు చొప్పున చేర్చువారిని ఎన్నుకొనవచ్చును. వారిలో నొకరు స్త్రీ యగుట మేలు, ఏలయనగా నాటును, కలుపును, పాడిని దగ్గఱనుండి చూచువారు వారే. తీసివేయు పని గుమాస్తా యొక్కడే, అదియు కార్యదర్శి యనుమతితో చేయవలయునని కట్టడి యుంచవలయును. పొరపాటున తీసివేసినది గూగుల్ డ్రైవునందు 30 దినములవఱకు చెత్తబుట్టలో నుండును; ఆ గడువు లోపల మరల తీసికొనవచ్చును.

ఇచ్చట రెండు మెలకువలు గలవు. సభ్యుడు తన సొంత ఖాతానుండి ఉమ్మడి ఫోల్డరులో వేసిన పటము గూగుల్ డ్రైవునందు అతని సొత్తుగనే యుండును. అతడు తీసివేసిన యెడల సంఘమునకును పోవును. కావున నెలకొకమాఱు గుమాస్తా వానికి సంఘము ఖాతాలో ప్రతులు చేసికొనవలయును. రెండవ మెలకువ: గూగుల్ ఫొటోస్ అను దానితో జతపడిన ఫోనులో స్థలము చాలలేదని అందుండి పటమును తీసివేసినచో, భాండారములోని ప్రతియు దానితో పోవును. ఫోనున స్థలము ఖాళీచేయుటకు అందు వేఱుగ నొక మీట కలదు, దానినే వాడవలయును.

పటమునకు పేరుపెట్టుట

పాల సంఘముల పద్ధతి యిచ్చట మనకు మార్గదర్శకము. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చిన పిదప, 2000 సంవత్సరమున ముల్కనూరులో మహిళా సహకార డెయిరీ యేర్పడెను. పాల కేంద్రమున ఎందఱో స్త్రీలు పోసిన పాలు ఒక్క క్యానులో కలియును. కాని ఎవరి లీటరు లెన్ని, వెన్నశాత మెంత యనునది ఎవరి పేరున వారికి వ్రాయబడును. పాలు కలియును, పద్దు కలియదు. ఫొటోల భాండారమును అట్లే నడువవలయును.

ప్రతి పటమునకు ఈ సంగతులు వ్రాసిన చాలును: తేదీ, ఊరు, మండలము, జిల్లా, పంట, దాని రకము, పటములో కనబడు విషయము, ఎవరి పొలము, ఎవరు తీసిరి. "2025 సెప్టెంబరు 14, ఫలాని యూరు, పత్తి, గుడ్డిపూవు మొదటిసారి" అని వ్రాసిన పటము పదేండ్ల తరువాతను పనికివచ్చును. ఫోను తనంత తా పెట్టిన అంకెల పేరుతో నుండిన పటము, తీసినవాడు మఱచిన మఱునాడే యనాథ యగును.

ఊరితోపాటు మండలమును వ్రాయుడని చెప్పుటకు కారణము కలదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థ జరిగినపుడు ఆదిలాబాదు నాలుగు జిల్లాలయ్యెను: ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల, కుమ్రం భీం ఆసిఫాబాదు. కరీంనగరమునుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడెను. కొన్ని మండలములు ఇరుగుపొరుగు జిల్లాలలో చేరెను. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము స్థాపింపబడినపుడు ఆ యూరు కరీంనగరము జిల్లాలోనిది. నేడు హనుమకొండ జిల్లాలోనిది. మార్లవాయి అప్పుడు ఆదిలాబాదు, ఇప్పుడు ఆసిఫాబాదు జిల్లా. "కరీంనగరము జిల్లా, వరి" అని మాత్రమే వ్రాసిన పాత పటము ఎచ్చటిదో చెప్పగల వృద్ధులు కొన్నాళ్ళకు ఉండరు. ఆ వృద్ధు లుండగనే ఇండ్లలోని కాగితపు ఫొటోలను తెప్పించి, ఫోనుతో ప్రతులు తీసి, వారిని కూర్చుండబెట్టి పేర్లు చెప్పించి వ్రాసికొనుట ప్రతి సంఘమునకును వెంటనే చేయదగిన పని. మూలములను భద్రముగ మరల ఇచ్చివేయవలయును.

భాండారమున చేర్చరానివి

ఉమ్మడి యనగా హద్దు లేనిదని యర్థము కాదు. ఆధారు కార్డులు, పట్టాదారు పాసుపుస్తకములు, బ్యాంకు ఖాతాల పుటలు, అప్పుల నోటీసులు ఫొటోల భాండారమున వేయరాదు. మోసగాండ్రకు అవియే మేత. బాకీ పడిన రైతు ఇంటి ఫొటోగాని, కష్టకాలమున నున్న కుటుంబముయొక్క ఫొటోగాని వారి యనుమతి లేక తీయుటయే తప్పు. నలుగురికి చూపుట మఱింత తప్పు. స్త్రీల, పిల్లల ఫొటోలను వారిని, వారి పెద్దలను అడిగియే చేర్చవలయును. ఎవరైనను తమ పటమును తీసివేయుమని కోరిన యెడల తర్కింపక తీసివేయవలయును. వ్యక్తుల సమాచారమును కాపాడుటకు 2023లో పార్లమెంటు ప్రత్యేకముగ చట్టము చేసినది. చట్టము మాట యెట్లున్నను, ఇరుగుపొరుగువారి మానమర్యాదలు కాపాడుట సంఘమునకు మొదటి ధర్మము.

"లింకు చేతనున్న ప్రతివాడును చూడవచ్చును" అను నొక యనుమతి యీ భాండారములయందు కలదు. సులభమని దాని నుపయోగించినచో, ఆ లింకు చేతులుమాఱి ఎవరికైనను చేరవచ్చును. పేరుపేరున అనుమతి నిచ్చుట కొంత శ్రమయైనను అదియే మేలు.

రెండవ ప్రతి

క్లౌడు భాండారము కాలదు, మునుగదు అను నమ్మకము కొందఱికి కలదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా దేశమున డేజాన్ నగరములోని ప్రభుత్వ కంప్యూటరు కేంద్రమున అగ్నిప్రమాదము సంభవించెను. అచ్చటి ప్రభుత్వోద్యోగులు దస్తావేజులు దాచుకొను ఉమ్మడి భాండారము, 858 టెరాబైట్లది, దగ్ధమయ్యెను. దానికి వేఱుచోట ప్రతి లేకుండెను. విద్యలో, యంత్రములలో అంత ముందున్న దేశమునకే యిట్లైనపుడు మనము మఱింత జాగ్రత్త పడవలదా?

కావున నెల కడపటి దినమున భాండారములోని క్రొత్త పటములను ఒక హార్డు డిస్కునకు ఎక్కించి, దానిని సంఘము బీరువాలో నుంచవలయును. వీలైనచో మఱియొక డిస్కును వేఱొక యూర, సంచాలకు లొకరి యింట నుంచుట మంచిది. 2022 జూలైలో కడెము ప్రాజెక్టు నిండి పొరలినపుడు దిగువ గ్రామముల జనులు ఇల్లు విడిచి పోవలసి వచ్చెను. కార్యాలయమున నీరు చొచ్చినపుడు బీరువాలోని డిస్కు దక్కదు, దూరభాండారము దక్కును. దూరభాండారమునకు ఆపద వచ్చినపుడు డిస్కు దక్కును. రెండును ఒక్కమాఱు పోవుట అరుదు. ఏడాది కొకమాఱు డిస్కును తెఱచి పటములు సరిగ కనబడుచున్నవో లేదో చూచి, చూచితిమని తేదీతో పద్దున వ్రాయవలయును.

సంఘములకు విన్నపము

ఈ పనికి పెద్ద మూలధనము అక్కఱలేదు. ఫోనులు సభ్యుల యొద్ద నున్నవి, కంప్యూటరు కార్యాలయమున నున్నది. కావలసినది ఒక తీర్మానమును, వారమున కొక గంట కాలమును, పేర్లు వ్రాయు నోపికయును. రాబోవు పాలకవర్గపు సమావేశమున నాలుగు సంగతులు నిర్ణయించినచో పని మొదలగును: ఖాతా యెవరి యధీనమున నుండును, ఊరూర చేర్చువా రెవరు, ఏవి చేర్చరాదు, రెండవ ప్రతి యెచ్చట నుండును. మొదటి సంవత్సరము రెండుమూడు వందల పటములే చేరినను చింతలేదు. పేరు, తేదీ, ఊరు వ్రాసిన రెండు వందల పటములు, ఏమియు వ్రాయని రెండు వేల పటములకంటె మేలు.

మహాసభనాడు లెక్కల పట్టికతోపాటు ఆ యేటి పటములను తెరపై చూపినచో, సభ్యులు తమ పొలములను, తమ శ్రమను, తమ సంఘమును తామే చూచుకొందురు. తన మడిలోని పురుగును చూచిన రైతు "ఇది మా యూరను వచ్చినది" అని లేచి చెప్పును. ప్రక్క యూరి రైతు తా నేమి చేసెనో చెప్పును. సభ్యుల యనుభవము ఇట్లు ఒకరినుండి యొకరికి చేరుటయే యీ భాండారముయొక్క ముఖ్య ప్రయోజనము. ఈ వానకాలపు ఫొటోలు ఇంకను ఫోనులలో నుండగనే సంఘములు పూనుకొనవలయునని కోరుచున్నాము.